ముందు మీ శ్రుతి ఏదో చూసుకోండి, సాధన ఆ తర్వాత

ఉద్యోగం చేసుకుంటూ కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్ళు గొంతు కోసం రోజూ ఏమేం సాధన చేయాలని అడిగారు. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు అని మొదట్లో నేర్పే స్వర పాఠాలు ఎవరైనా చెప్తారు. ఏ శ్రుతిలో, అంటే స ని ఎంత ఎత్తులో పెట్టుకుని చేయాలో మాత్రం చెప్పరు. నా గొంతు పాడైంది అక్కడే.

చిన్నప్పుడు పన్నెండు మంది ఆడపిల్లలం ఒకే క్లాసుకి వెళ్ళేవాళ్ళం. అందరికీ ఒకటే శ్రుతి పెట్టె, ఐదున్నర శ్రుతి (అంకె పెరిగేకొద్దీ శ్రుతి ఎత్తు). నాది కాస్త బరువు గొంతు. పై షడ్జం, అంటే పై స వచ్చేసరికి మెడ నరాలు బిగిసేవి, గడ్డం పైకి లేచేది, అయినా అరిచి అందుకునేదాన్ని, అందుకుంటే మెచ్చుకునేవాళ్ళు కూడా. నా పద్నాలుగో ఏట ఒకరోజు లేచేసరికి గొంతు బొంగురుపోయింది. స్వరతంత్రులు వాచాయి, మాట్లాడొద్దు అన్నారు డాక్టరు. మూడు వారాలు అమ్మకి ఏం కావాలన్నా పలక మీద రాసి చూపించాను.

తర్వాత అమ్మ కాకినాడలో ఒక పెద్దావిడ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ పాడమనలేదు. ఏం చదువుతున్నావు, నాన్నగారేం చేస్తారు అని కాసేపు మాట్లాడించి, తంబురా బిరడాలు తిప్పి, తీగ కింద దారం అటూ ఇటూ జరుపుతూ జుమ్మని మోగేదాకా చూసి, నాలుగు శ్రుతిలో పెట్టారు. "ఇక్కడ పాడమ్మా, అరవకు" అన్నారు. ఆ నెలంతా షడ్జం, కింది పంచమం (కింది ప), అంతే. నోరు బాగా తెరిచి ఆకారంలో, అంటే ‘ఆ’ అంటూ. ఊపిరి పూర్తిగా అయిపోయేదాకా లాగనిచ్చేవారు కాదు, చివర్లో గొంతు వణుకుతుంది, ఆ వణుకే అలవాటైపోతుంది అనేవారు. ఆరు నెలలకి పై షడ్జం గడ్డం కదలకుండా పలికింది.

వరుసలు మాయామాళవగౌళ రాగంలో ఎందుకు మొదలుపెడతారో కూడా నాకు అప్పుడే తెలిసొచ్చింది. స పక్కనే రి, అక్కడినుంచి గ కి పెద్ద గెంతు, మళ్ళీ గ పక్కనే మ. ప నుంచి పై స దాకా కూడా అదే కొలత. దగ్గరి స్వరాన్నీ దూరపు స్వరాన్నీ గొంతు ఒకేసారి నేర్చుకుంటుంది. జంట వరుసల్లో (సస రిరి అని పాడేవి) రెండో స్వరాన్ని కాస్త ఒత్తి పలకాలి, ఆ ఒత్తు పొట్టలోంచి రావాలి. మొదటి కాలంలో, అంటే నెమ్మదిగా పాడేటప్పుడే ఇది కుదరకుండా, వేగమైన మూడో కాలానికి పరిగెత్తేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. టీవీ పోటీల్లో పసిపిల్లల చేత పై స్థాయిలో అరిపించి చప్పట్లు కొడుతుంటే ఇంకా బాధ. తేనె, మిరియాలంటూ ఒకటే సలహాలు కూడాను! మింగింది అన్నవాహికలోకి పోతుంది, స్వరతంత్రులకి తగలదు. వాటికి కావాల్సింది రోజంతా నీళ్ళు, రాత్రి నిద్ర.

ఆన్‌లైన్ క్లాసైతే గురువుతో గొంతు కలిపి పాడటం కుదరదు, శబ్దం ఆలస్యంగా వస్తుంది. వాళ్ళు పాడింది విని, తర్వాత మీరు విడిగా పాడండి.

పొద్దున్నే ఇరవై నిమిషాలు చాలు, పది కింది స్థాయి ఆకారానికి, పది మొదటి కాలం వరుసలకి. అంతకుముందు ఒక సెలవురోజు శ్రుతి యాప్ పెట్టుకుని ఒక్కో మెట్టూ మార్చి చూడండి. కింది పంచమం గాలిపోకుండా పలికి, పై పంచమం అరవకుండా అందే చోటే మీ శ్రుతి. పక్కవాళ్ళది ఐదున్నర అయితే కానివ్వండి.