బాతులున్న పెరట్లో దోమల మందు కొట్టించవచ్చా?

మీ ప్రశ్న ఇదీ: నాలుగు బాతులు, చిన్న పెరడు. సాయంత్రమైతే దోమలు, పగలు కాళ్ళ మీద కుట్టే ఈగలు. మందు కొట్టించెయ్యమని చుట్టుపక్కల అందరూ అంటున్నారు, బాతులకేమన్నా అవుతుందేమోనని మీకు టెన్షన్. నా సలహా అడిగితే, ఇప్పుడే కొట్టించకండి. ఆరేళ్ళుగా బాతుల్ని పెంచుతున్నాను. ఈ విషయంలో చెయ్యకూడనివి కొన్ని చేసి మరీ నేర్చుకున్నవాణ్ణి.

బాతులుంటే దోమలుండవని నాకూ ఎవరో చెప్పారు, నమ్మాను. అది సగమే నిజం. బాతు ముక్కు అంచుల్లో దువ్వెన పళ్ళలాంటివి ఉంటాయి. వాటితో నీళ్ళను జల్లెడ పట్టినట్టు వడగట్టి, దోమ లార్వాలు, అంటే గుడ్డు పగిలి వచ్చే దోమ పిల్ల పురుగులు, దొరికితే మింగేస్తుంది. పైగా అవి పొద్దస్తమానం నీళ్ళను కలియబెడుతుంటే గుడ్లు పెట్టడానికి దోమకి కుదురైన చోటు ఉండదు. కానీ ఎగిరే దోమల సంగతి బాతుల వల్ల అయ్యే పని కాదు. అంటే మీ పెరట్లో దోమలు పుడుతున్నాయంటే, బాతు ముక్కు అందని నీళ్ళు ఎక్కడో ఉన్నట్టే. ముందు వాటిని వెతకండి.

నా సంగతి చెప్తాను. బాతులు ఈదే టబ్బులో నీళ్ళు రోజూ మార్చేవాణ్ణి. అందులో ఎంత చూసినా ఒక్క లార్వా కూడా కనపడేది కాదు, దోమలు మాత్రం రోజురోజుకీ పెరిగిపోతున్నాయి. ఒక రాత్రి టార్చ్ పట్టుకుని పెరడంతా తిరిగాను. షెడ్ వెనక గోడవారగా చిన్న పల్లం ఉంది, టబ్బు ఒంపిన నీళ్ళన్నీ అక్కడికే చేరేవి. మొక్కలు తొక్కేస్తున్నాయని బాతులు అటు వెళ్ళకుండా వల కట్టింది నేనే. వెలుగు పడగానే నీళ్ళన్నీ మెలికలు తిరిగినట్టయ్యాయి. అంతదాకా తలకిందులుగా వేలాడుతూ, తోక చివరి గొట్టం పైకి పెట్టి గాలి పీలుస్తున్న వందల లార్వాలు ఒక్కసారిగా అడుక్కి దిగిపోయాయి. ఒడ్డు పక్కన మసి నలుసుల్లాంటి చిన్న చిన్న తెప్పలు తేలుతున్నాయి. అవి క్యూలెక్స్ దోమ గుడ్లు, ఒక్కో తెప్పలో వందకి పైనే ఉంటాయి. ఆ దోమకి బాతు రెట్ట కలిసిన మురుగు నీళ్ళంటే ప్రాణం. శుభ్రత పేరుతో రోజూ బకెట్ల కొద్దీ దాణా పోసి దోమల్ని పెంచుతున్నది నేనేనన్నమాట!

మర్నాడే పల్లం పూడ్చేశాను. అప్పట్నుంచి టబ్బు నీళ్ళు రోజుకో చెట్టు మొదట్లో, కాసేపట్లో ఇంకిపోయేలా పోస్తున్నాను. మూడో వారానికల్లా సాయంత్రం బయట కూర్చోగలిగాం.

వెచ్చటి రోజుల్లో గుడ్డు నుంచి దోమ బయటికి రావడానికి వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి నీళ్ళు నిలిచే ప్రతిదాన్నీ మూడు రోజులకోసారి ఒంపేస్తే చాలు. కుండీల కింద పళ్ళేలు, టార్పాలిన్ మడతలు, బోర్లించిన బకెట్ అడుగున ఉండే అంచు, ఆకులు అడ్డుపడిన వాన గొట్టం, వీటిని మర్చిపోకండి. పగలు కుట్టే చారల దోమ ఏడిస్ విషయంలో మాత్రం ఒంపడం ఒక్కటే సరిపోదు. అది గుడ్లను పాత్ర లోపలి గోడకి అంటిస్తుంది. ఎండిపోయినా అవి నెలల తరబడి బతికే ఉండి, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. అందుకే ఒంపాక బ్రష్‌తో గట్టిగా రుద్దాలి.

ఒంపడానికి వీలుకాని నీళ్ళు, అంటే మూత ఉన్న కాలువో సంపో ఉంటే, బీటీఐ బిళ్ళలు వాడండి. ఇది 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో, ఒక నీటిగుంటలో చచ్చి తేలుతున్న దోమ లార్వాల దగ్గర దొరికిన బాక్టీరియా. దీని విషం లార్వా కడుపులోని క్షార గుణానికే విచ్చుకుని పనిచేస్తుంది. బాతు కడుపు ఆమ్లం, అందుకే బాతుకి దాని వల్ల ఏమీ కాదు. అయితే లార్వా దాన్ని తింటేనే చస్తుంది. ప్యూపా దశకి, అంటే దోమగా మారే ముందు దశకి, చేరిన పురుగు ఏమీ తినదు కాబట్టి మొదటి రెండు మూడు రోజులు కొన్ని దోమలు వస్తూనే ఉంటాయి, మందు పనిచెయ్యలేదని కంగారు పడకండి. నీళ్ళు బాగా మురికిగా ఉంటే దాని ప్రభావం తొందరగా తగ్గిపోతుంది. దోమ లార్వాల్ని తినే గంబూషియా చేపలు వెయ్యమని కూడా ఎవరో ఒకరు చెప్తారు. బాతులు దిగే నీళ్ళలో వేస్తే అవి సాయంత్రం దాకా ఉండవు.

ఇక నా పెద్ద తప్పు. బీటీఐ గురించి తెలియని రోజుల్లో మురుగు కాలువలో కాస్త కిరోసిన్ పోశాను, చిన్నప్పట్నుంచి చూసిందే కదా అని. గంటలో మా బూడిదరంగు బాతు అందులో దిగింది. బాతు ఈకలు నీళ్ళలో తడవకుండా ఉండేది వాటి అమరిక వల్ల, పైన పూసుకునే సహజమైన నూనె వల్ల. కిరోసిన్ తగిలితే ఆ అమరికంతా చెదిరిపోతుంది. తడిసిన కోడిలా వణుకుతూ, ముక్కుతో ఈకలు సవరించుకుంటోంది. అలా సవరించుకుంటూ ఆ కిరోసిన్ మింగుతోందని నాకు చాలాసేపటికి గానీ వెలగలేదు. పశువుల డాక్టర్‌కి ఫోన్ చేస్తే, గిన్నెలు తోమే లిక్విడ్ గోరువెచ్చటి నీళ్ళలో కలిపి వాసన పోయేదాకా కడగమన్నారు. మూడుసార్లు కడిగి, ఇంట్లో వెచ్చటి గదిలో ఉంచాం. బతికింది గానీ మళ్ళీ మామూలుగా ఈదడానికి చాలా వారాలు పట్టింది. వేపనూనె, నిమ్మగడ్డి నూనె సహజమైనవే కదా అని నీళ్ళలో వెయ్యకండి. ఈకకి అది సహజమో కాదో తెలియదు, నూనె అన్నదొక్కటే తెలుసు.

పురుగుమందుల్లో ఆర్గానోఫాస్ఫేట్ రకం, అంటే మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్, డయాజినాన్ లాంటివి, బాతులున్న పెరట్లోకి రానే కూడదు. డయాజినాన్ కొట్టిన గడ్డి మేసి అమెరికాలో గోల్ఫ్ మైదానాల్లో నీటి పక్షులు గుంపులుగా చచ్చిపోయాయి. బాతు చేసే పనే అది: గడ్డి కొరకడం, బురద వడగట్టడం, రాలిన పురుగుని ఏరుకోవడం. నేల మీద పడిన ప్రతిదీ దాని నోట్లోకే పోతుంది. ఈగలకి చల్లే తీపి గుళికలు ఇంకా ప్రమాదం, వాటిలో కొన్నిట్లో మెథోమిల్ అనే పురుగుమందు ఉంటుంది. బాతు వాటిని గింజలనుకుంటుంది. పైరిథ్రాయిడ్ మందులు పక్షులకి అంత విషం కావు గానీ చేపల్నీ తేనెటీగల్నీ చంపేస్తాయి. వాటిలో పర్మెత్రిన్ అయితే పిల్లికి కూడా ప్రమాదమే.

మీ కాళ్ళ మీద కుట్టే ఈగని ఒకసారి దగ్గర్నుంచి చూడండి. మామూలు ఈగలాగే ఉండి నోటి ముందు సూదిలా తొండం పొడుచుకొచ్చి ఉంటే అది స్టేబుల్ ఫ్లై. ఆడా మగా రెండూ రక్తం తాగుతాయి. ఇది తడిసి కుళ్ళిన గడ్డిలో, రెట్ట కలిసిన చోట పుడుతుంది. బాతులు తాగే గిన్నె చుట్టూ ఎప్పుడూ తడిగా ఉండే గడ్డి ఉంటుంది చూశారా, అక్కడ పారతో ఒకసారి తిరగెయ్యండి. గుడ్డు ఈగ కావడానికి మూడు వారాలు పడుతుంది కాబట్టి వారానికోసారి ఆ తడిగడ్డి తీసి పలచగా ఎండలో ఆరబోస్తే చాలు. గిన్నె కింద ఇసకో కంకరో వేస్తే తడి నిలవదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పెరట్లో ఎలుకో పిట్టో చచ్చి పడి ఉంటే వెంటనే తీసెయ్యండి. బొటులిజం అనే బాక్టీరియా విషం ఎక్కిన కళేబరం మీది పురుగుల్ని తింటే బాతు మెడ వాల్చేస్తుంది, కాళ్ళు పడిపోతాయి. అలా కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

మనం కూర్చునే చోటికి మామూలు ఫ్యాన్ చాలు. దోమ ఎగరడంలో చాలా బలహీనురాలు, గాలికి ఆగలేదు. పురుగుల్ని చంపే నీలం లైటు కొనకండి, నేను కొని డబ్బు దండగ చేసుకున్నాను. 1996లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని డెలావేర్‌లో అలాంటి లైట్ల కింద పడిన పురుగుల్ని లెక్కపెడితే, 13,789లో కుట్టేవి 31 మాత్రమే. ఒంటికి దోమల్ని దూరంగా ఉంచే డీట్ అనే మందు ఉన్న క్రీమ్ రాసుకుంటే బాతుల్ని పట్టుకునే ముందు చేతులు కడుక్కోండి. రాత్రి బాతుల షెడ్‌లో దోమల కాయిల్ మాత్రం పెట్టకండి, పక్షుల ఊపిరితిత్తులు పొగకి తట్టుకోలేవు. కిటికీకి సన్నటి దోమల వల కొడితే గాలీ ఆడుతుంది, దోమా రాదు.

మీ వీధిలో పొగ మందు కొడతారని తెలిస్తే మాత్రం బాతుల్ని ముందే లోపల పెట్టి, దాణా, నీళ్ళ గిన్నెలు మూసెయ్యండి. తర్వాత టబ్బు కడిగి కొత్త నీళ్ళు పోశాకే బయటికి వదలండి. ఏ మందు కొడుతున్నారో అడిగి, డబ్బా మీది పేరు ఫోటో తీసుకోండి. రాత్రికి ఏ బాతైనా తూలితే డాక్టర్ మొదట అడిగేది ఆ పేరే.