మాడిన గిన్నె అడుగు తేలిగ్గా వదలాలంటే ఏం చేయాలి?

అడుగంటి నల్లగా మాడిన గిన్నెను వెంటనే పీచుతో రుద్దకండి, ముందు నానబెట్టండి. అలాగని కాలుతున్న గిన్నెలో చన్నీళ్లు పోస్తే అడుగు వంకర పోవచ్చు. స్టీలు గిన్నె అయితే మాడిన పొర మునిగేలా నీళ్లు పోసి, రెండు చెంచాల వంట సోడా వేసి 10 నిమిషాలు మరిగించండి. అంచుల దగ్గర పెచ్చులు లేవడం కనిపిస్తుంది. చల్లారాక చెక్క గరిటెతో గీకితే ఊడి వస్తాయి. సోడాలో వెనిగర్ కలిపితే బుసబుసా పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది గానీ క్షారం, ఆమ్లం ఒకదాని బలాన్ని ఒకటి తగ్గించేస్తాయి. విడివిడిగా వాడటమే మేలు.

అల్యూమినియం సోడాకి నల్లబడుతుంది, దానికి నిమ్మరసం కలిపిన నీళ్లు మరిగించండి. నాన్‌స్టిక్‌కైతే గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తటి స్పాంజి, అంతే. పూత ఇప్పటికే లేచిపోతుంటే ఇక తోమడం దండగ.