రంగు కాదు, అడ్డకోత చూడండి: చెట్టు, చెక్కలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: టేకు అని చెప్పి ద్వారబంధం అమ్మారు. రంగు, గీతలు టేకులాగే ఉన్నా అనుమానం పోవడం లేదు. ఇంట్లోనే తేల్చుకోగలమా?

జవాబు: తేల్చుకోవచ్చు. ముందు రంగును పక్కన పెట్టండి. పాలిష్ పడ్డాక ఏ చెక్కయినా టేకే! చూడాల్సింది అడ్డకోత, అంటే దుంగను అడ్డంగా కోసినప్పుడు కనిపించే ముఖం. ద్వారబంధం కాళ్ళ అడుగునో, మిగిలిన తునక చివరనో అది దొరుకుతుంది. రంపం వేసిన చోట నార చితికి రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి. అందుకని కొత్త బ్లేడుతో గోరంత మేర ఒక్క కోతలో నున్నగా తీసి, కాస్త తడిపి, 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూడండి. బ్లేడుకు పదును లేకపోతే చెక్క నలుగుతుంది తప్ప ఏమీ కనిపించదు. చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు.

టేకయితే ఏటా పెరుగుదలకు గుర్తుగా పడే ప్రతి వలయం మొదట్లోనూ పెద్ద రంధ్రాలు వరసకట్టి ఉంటాయి, ఆ తర్వాత చిన్నవి చెదురుగా ఉంటాయి. ఆ పెద్ద రంధ్రాలు మామూలు కంటికి కూడా అందుతాయి. ‘ఆఫ్రికన్ టేకు’ పేరుతో వచ్చే ఇరోకోలో ఈ వరస ఉండదు, రంధ్రాలు ముఖమంతా సమంగా పరచుకుని ఉంటాయి. అసలు ఈ రెండూ చుట్టాలు కూడా కావు. టేకుది తులసి కుటుంబం, ఇరోకోది మల్బరీ కుటుంబం.

తర్వాత వాసన, స్పర్శ. ఉలితో కొత్తగా గీరితే టేకు తోలువాసన వేస్తుంది, వేలికి మైనం రాసినట్టు జిడ్డుగా తగులుతుంది. గీరిన చోట లోపల తెల్లగా బయటపడితే అది రంగు వేసిన చెక్క అయినా కావాలి, టేకులోని తెల్లచెక్క అయినా కావాలి. రెండోదైనా సంతోషించాల్సిన పని లేదు. చెదను తట్టుకునే గుణం చేవకే, అంటే మాను నడుమ ఉండే ముదురు చెక్కకే గానీ దాని చుట్టూ ఉండే తెల్లచెక్కకు లేదు. లేత చెట్లలో తెల్లచెక్క వాటా ఎక్కువ.

బరువు చివర చూడండి. 10 × 5 × 2 సెంటీమీటర్ల ముక్క సరిగ్గా 100 ఘన సెంటీమీటర్లు. బాగా ఆరిన టేకయితే అది సుమారు 60 నుంచి 70 గ్రాములు తూగుతుంది. 85 తూగితే టేకు కాదనుకోవచ్చు. 65 తూగినంత మాత్రాన టేకని మాత్రం అనుకోవద్దు, మామిడి కూడా దాదాపు అంతే తూగుతుంది.

ప్రశ్న: నల్లమద్దిని, తెల్లమద్దిని ఎలా గుర్తుపట్టాలి? రెంటి కాయలకూ అయిదు రెక్కలే ఉన్నాయి.

జవాబు: బెరడు చూస్తే సగం పని అయిపోతుంది. నల్లమద్ది బెరడు నల్లగా, మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. తెల్లమద్ది మాను నున్నగా, బూడిద రంగులో ఉండి పలచటి పొరలుగా ఊడుతుంది. వాగుల ఒడ్డున ఎక్కువగా కనిపించేది ఇదే. లేత చెట్టు విషయంలో బెరడును నమ్మొద్దు, కాయను చేతిలోకి తీసుకోండి. నల్లమద్ది కాయ రెక్క వెడల్పుగా ఉంటుంది, దాని మీది గీతలు నడుమ నుంచి అంచు దాకా అడ్డంగా తిన్నగా పోతాయి. తెల్లమద్ది కాయలో అవే గీతలు పైకి వంగి ఉంటాయి.

నల్లమద్ది చేవ ముదురు గోధుమ రంగు, మధ్యలో నల్ల చారలు. దూలాలకు, వాసాలకు గట్టి చెక్క. చిక్కల్లా ఆరబెట్టడంలోనే: తొందరపడి ఎండలో పెడితే చివరల నుంచి పగుళ్ళు లోపలికి పాకుతాయి. మేకు కొట్టేముందు తొలుచుకోవాలి, లేకపోతే మేకన్నా వంగుతుంది, చెక్కన్నా చీలుతుంది.

ప్రశ్న: గాలివానకు పెద్ద మామిడి, దాని పక్కనే వేప కూలాయి. వంటచెరకు చేయడానికి మనసొప్పడం లేదు. ఏం చేయించుకోవచ్చు?

జవాబు: రెంటిలో తొందరపెట్టేది మామిడి. కూలిన కొద్ది రోజులకే దుంగలోకి బూజు దిగి నీలి నల్ల మచ్చలు వస్తాయి. ఆ వెనకే తొలుచు పురుగు. కాబట్టి మొదట మామిడినే రంపపు మిల్లుకు పంపండి. పంపేలోగా దుంగ రెండు కొసలకూ మైనమో, చిక్కటి పెయింటో దట్టంగా పూయండి. చెక్కలోని నీరు పక్కల కంటే కొసల నుంచి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది, పగుళ్ళు అందుకే కొసల్లో మొదలవుతాయి.

కోసిన మామిడి పలకలకు బోరాన్ మందు పట్టించడం మంచిది. 100 లీటర్ల వేడినీటిలో 3 కిలోల బోరాక్స్, 2 కిలోల బోరిక్ యాసిడ్ కరిగించి, అంగుళం పలకలను పచ్చిగా ఉండగానే ఒక రాత్రి నానబెట్టండి. తీశాక ఒకదాని మీద ఒకటి పేర్చి రెండు వారాలు ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంచితే మందు లోపలికి దిగుతుంది. ఆరిన చెక్కకు ఇలా చేస్తే పైపైనే ఆగిపోతుంది. చేతులకు తొడుగులు వేసుకోండి. ఈ మందు వానకు కడుక్కుపోతుంది కాబట్టి, ఇంటి లోపల వాడే సామానుకే పనికొస్తుంది. వంటపాత్రల చెక్కకు వాడకండి.

ఆ తర్వాత ఆరబెట్టడం. నేలకు అడుగు ఎత్తున, గాలి ఆడే నీడలో, పలకకూ పలకకూ మధ్య అంగుళం మందం ఉన్న పుల్లలు పెట్టి పేర్చండి. పుల్లల మధ్య దూరం అడుగున్నర నుంచి రెండడుగులు. పైవరస పుల్ల సరిగ్గా కింది పుల్ల మీదకే రావాలి. అటూ ఇటూ జరిగితే పలక అక్కడే వంగి, ఆ వంకరతోనే ఆరిపోతుంది. పైన బరువు పెట్టండి. తేమ ఎంతుందో చూడాలంటే చిన్న ముక్క కోసి తూచి, 103 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి మళ్ళీ తూచండి. ముందు 250 గ్రాములు, తర్వాత 200 గ్రాములు అయితే పోయిన 50ని 200తో భాగించాలి: తేమ 25 శాతం. ఇంటి సామానుకు అది 12 శాతం దగ్గరకు దిగాలి. ముందే బిగిస్తే తర్వాత కీళ్ళు వదులవుతాయి.

వేప చేవ ఎర్రగా, ఘాటుగా ఉంటుంది, పురుగు అంతగా ముట్టదు. అలమారాలకు, పెట్టెలకు బాగుంటుంది. నార అటొక పొర ఇటొక పొర మెలిపడి ఉంటుంది కాబట్టి చిత్రిక పట్టేటప్పుడు పేళ్ళు లేస్తాయి. చిత్రిక బ్లేడును బాగా నూరి, పలచటి పొరలే తీయించండి. మామిడితో బల్లలు, అరలు చేయించుకోండి. తలుపులకు, కిటికీలకు మాత్రం వద్దు.

ప్రశ్న: వేగిస చెక్క గ్లాసులో నీళ్ళు పోస్తే నీలం మెరుపు వస్తోంది. రంగు కలిపారా?

జవాబు: కలపలేదు. వేగిస చేవలోని పదార్థాలు నీటిలోకి దిగి, వెలుతురులో నీలంగా మెరుస్తాయి. వేగిసను పట్టుకోవడానికి అది మంచి గుర్తు. నిలబడి ఉన్న చెట్టయితే బెరడు మీద గాటు పెడితే ఎర్రటి బంక కారుతుంది. షుగర్ తగ్గుతుందని ఆ నీళ్ళు తాగేవాళ్ళుంటారు, తాగుతున్నాం కదా అని షుగర్ మాత్రలు మానేయకండి.

ప్రశ్న: చెట్టు పేరు తెలియాలంటే మీకు ఏం పంపాలి? ఒక ఆకు సరిపోతుందా?

జవాబు: సరిపోదు. వేపకూ తురకవేపకూ తేడా ఒక్క చిట్టి ఆకుతో తెలియదు. వేప ఈనె మీద చిట్టి ఆకులు ఒక్కసారే విడిపోతాయి, తురకవేపలో కొమ్మలు వేసి మళ్ళీ విడిపోతాయి. కాబట్టి జానెడు రెమ్మను కొసతో సహా పంపండి. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటా అన్నది దాని మీదే కనిపిస్తుంది. పువ్వు, కాయ దొరికితే చేర్చండి. వార్తాపత్రిక మడతల్లో నొక్కి ఆరబెట్టి పంపాలి. పచ్చిగా ప్లాస్టిక్ సంచిలో పెడితే మా దగ్గరకు బూజే వస్తుంది. బెరడును ఫొటో తీస్తే చాలు, పక్కన స్కేలు పెట్టండి. పాలిష్ వేసిన బల్ల ఫొటో పంపి పేరు చెప్పమనే ఉత్తరాలకు మాత్రం జవాబు ఇవ్వలేం.

ప్రశ్న: గన్నేరు కొమ్మలు తిన్నగా ఉన్నాయి. గరిటెలు చెక్కించవచ్చా?

జవాబు: వద్దే వద్దు. గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. పొయ్యిలో పెట్టినా పొగ మంచిది కాదు. గరిటెకు రంధ్రాలు సన్నగా, నార దగ్గరగా ఉన్న చింత వంటి చెక్క చూసుకోండి.