లీడ్ రోల్ వద్దని చెప్పే ముందు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నిన్ను టీమ్ లీడ్‌గా ఉండమని అడిగారట, నువ్వేమో "ఇప్పుడే ఎందుకులే, పాపకి రెండేళ్లు నిండనీ" అన్నావట. ఫోన్లో మాట్లాడితే వాదన అవుతుందని రాస్తున్నాను. పాప పడుకున్నాక తీరిగ్గా చదువు.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు. నేను హైదరాబాద్ వచ్చింది 1999లో. అప్పటికి సైబర్ టవర్స్ మొదలై ఏడాది కూడా కాలేదు, మాదాపూర్‌లో ఎటు చూసినా బండరాళ్లే. అందరిలాగే వైటూకే పనితో, అంటే 2000 సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాములు తేదీలు తప్పుగా చదవకుండా సరిచేసే పనితో మొదలుపెట్టాను. ఐదేళ్ల తర్వాత, మా వాడు ఏడాది పిల్లాడప్పుడు, మా ప్రాజెక్టుకి ఆన్‌సైట్ లీడ్, అంటే క్లయింట్ దగ్గరే ఉండి పని నడిపేవాళ్లు, కావాల్సి వచ్చింది. ఆ సిస్టమ్ గురించి నాకు తెలిసినంత మా ఫ్లోర్‌లో ఎవరికీ తెలీదు. అయినా నాకన్నా రెండేళ్లు జూనియర్‌ని పంపారు. అప్రైజల్ రోజున ఎందుకని అడిగాను. మా మేనేజర్ చెడ్డవాడేం కాదు, నా ప్రశ్నకి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "బాబు చిన్నవాడు కదా మేడమ్, మీరు రారనుకున్నాం" అన్నాడు. నా ముందు కప్పులో టీ మీద మీగడ కట్టింది. దాన్నే చూస్తూ కూర్చుండిపోయాను.

బహుశా నేను వెళ్లగలిగేదాన్ని కాదేమో, అప్పట్లో మా అత్తగారి ఆరోగ్యం బాగుండేది కాదు. కానీ ఆ "రాలేను" అనే మాట నా నోటి నుంచి రావాలి కదా! అప్పుడు వెళ్లిన ఆ జూనియర్ నాకన్నా ఆరేళ్లు ముందు డెలివరీ హెడ్, అంటే ప్రాజెక్టులన్నిటి బాధ్యత చూసే పెద్ద, అయ్యాడు. మొదటి మెట్టు దగ్గర ఆగిపోయిన కాలం అప్పు మీద వడ్డీలా పెరుగుతూ పోతుంది చిన్నీ. నిన్ను అడిగారు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను, ఒప్పుకో.

అయితే ఊరికే తలూపి రాకు. నీ కింద ఎంతమంది ఉంటారు? వాళ్ల రేటింగ్ ఇచ్చేది నువ్వా, పైవాళ్లా? క్లయింట్ కాల్‌లో మాట్లాడేది ఎవరు? హోదా, జీతం ఎప్పుడు మారతాయి? ఈ నాలుగూ అడుగు. "ముందు పని మొదలుపెట్టు, డిజిగ్నేషన్ సంగతి తర్వాత చూద్దాం" అంటారు. ఆ "తర్వాత" అంటే ఏ నెలో అడిగి, మాట్లాడుకున్నదంతా అదే రోజు మెయిల్‌లో పెట్టు. ఏడాదిన్నర పాటు లీడ్ పని చేసి, కాగితం మీద మాత్రం సీనియర్ ఇంజనీర్‌గానే మిగిలిపోయిన అమ్మాయిలు నా టీముల్లోనే ఉన్నారు.

ప్రమోషన్లు ఎలా తేలతాయో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మేనేజర్లందరూ ఒక గదిలో కూర్చుని ప్రమోషన్‌కి పేర్లు చెప్తారు. ఖాళీలు తక్కువ, పేర్లు ఎక్కువ. ఆ గదిలో నువ్వు ఉండవు. నీ పేరు వచ్చినప్పుడు "ఆ అమ్మాయి బాగా కష్టపడుతుంది" అంటే అది ఎందుకూ పనికిరాదు. "బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఆవిడే నడిపింది, క్లయింట్ ఆవిడనే అడుగుతున్నాడు" అని ఒకరు చెప్పాలి. ఆ ఒకరికి నీ పని గురించి తెలియాలి. శుక్రవారం పది నిమిషాలు కూర్చుని ఆ వారం ఏం చేశావో, దానివల్ల ఏం మారిందో రెండు లైన్లు రాసిపెట్టుకో. నెలకోసారి మేనేజర్‌కి పంపు, ఆయన పైవాళ్లతో కూడా అప్పుడప్పుడు మాట్లాడుతూ ఉండు. దీన్ని గొప్పలు చెప్పుకోవడం అనుకోకు. మీ కంపెనీ ఏడాది లెక్క మార్చితో ముగుస్తుంది కదా, ప్రమోషన్ సంగతి అక్టోబరులోనే అడుగు. ఏప్రిల్‌లో లెటర్ చేతికొచ్చాక బాధపడి లాభం లేదు.

ఇంకొకటి, డెలివరీ, అంటే క్లయింట్‌కి సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఇచ్చే పని, వదలకు. పిల్లలు పుట్టి తిరిగొచ్చిన ఆడవాళ్లని "కాస్త తేలికగా ఉంటుంది" అని క్వాలిటీ ఆడిట్‌కో, ట్రైనింగ్‌కో మారుస్తారు. మంచి మనసుతోనే మారుస్తారు. నేనూ ఇద్దరిని అలా మార్చాను, ఇప్పటికీ బాధగానే ఉంది. అటు వెళ్లినవాళ్లు కోడ్‌కీ క్లయింట్‌కీ దూరమై మళ్లీ ఇటు రావడం కష్టమైపోయింది. మన విజయవాడలో పుట్టిన పద్మశ్రీ వారియర్ గారినే చూడు. అమెరికాలోని ఎలక్ట్రానిక్స్ కంపెనీ మోటరోలాలో ఇంజనీరుగా చేరింది 1984లో, అదే కంపెనీకి చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్ అయింది 2003లో. 19 ఏళ్లు! తర్వాత నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కోలోనూ ఆ పదవే చేశారు. అన్నేళ్లూ ఆవిడ సాంకేతిక పనిని వదల్లేదు.

రెండో బిడ్డ గురించి కూడా ఆలోచిస్తున్నావని అమ్మ చెప్పింది. దాని కోసం లీడ్ రోల్ ఆపుకోవద్దు. నా రోజుల్లో ప్రసూతి సెలవు 12 వారాలే. 2017లో చట్టం మార్చాక మొదటి ఇద్దరు పిల్లలకి జీతంతో 26 వారాలు వస్తుంది. నువ్వు సెలవులో ఉండగా ఉద్యోగ షరతులు నీకు నష్టం కలిగేలా మార్చకూడదు. 50 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే సంస్థకి పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలి. మీ హెచ్‌ఆర్‌ని మొహమాటపడకుండా అడుగు.

ఇంటి విషయం. అల్లుడు మంచివాడే, కానీ "సాయం చేస్తాడు" అనే మాట మానెయ్. మంగళ, గురువారాలు నీకు రాత్రి అమెరికా కాల్స్ ఉంటే, ఆ రెండు రోజులూ పాప అన్నం, నిద్ర అతని పని. పప్పన్నంలో నెయ్యి వెయ్యలేదని నువ్వు కాల్ మధ్యలో లేచి వెళ్లకు.

లీడ్ అయ్యాక మొదటి ఆరు నెలలూ టెన్షన్ ఉంటుంది. ఒకసారి రాత్రి రెండింటికి మా రిలీజ్ ఆగిపోయింది. కొత్తగా వచ్చిన కుర్రాడి వేళ్లు కీబోర్డు మీద వణుకుతున్నాయి. అతన్ని పక్కకి జరిపి నేనే ఇరవై నిమిషాల్లో సరిచేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఏడాది పాటు ప్రతి రాత్రీ నాకే ఫోన్. నువ్వలా చేయకు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చో, తప్పెక్కడ జరిగిందో చూపించే లాగ్ చదివించు, గంట పట్టినా నీ జూనియర్ చేతే చేయించు. మర్నాడు మెయిల్‌లో అతని పేరు రాయి.

మీటింగ్ బుధవారం అన్నావు కదా. మంగళవారం రాత్రి ఆ నాలుగు ప్రశ్నలూ కాగితం మీద రాసి నాకు ఫొటో పంపు. పదకొండింటి దాకా మెలకువగానే ఉంటాను. పాపకి జలుబు తగ్గిందా?

పెద్దమ్మ