వైఫై కనెక్ట్ అయింది, నెట్ మాత్రం రావట్లేదు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు వైఫై గురించే. ఫీజు కట్టడానికి ఆఖరి రోజు, ఆఫీసు మీటింగ్ మధ్యలో, పిల్లలతో వీడియో కాల్ మాట్లాడుతుండగా నెట్ పోతే ఎంత టెన్షన్‌గా ఉంటుందో అందరికీ తెలుసు. కానీ చదువుతుంటే ఒక విషయం బాధనిపించింది. తప్పు ఎక్కడుందో ఎవరూ చూడకుండానే కొందరి చేత కొత్త రూటర్ (ఇంట్లో వైఫై ఇచ్చే బాక్సు) కొనిపించారు, ఇంకొందరి చేత విండోస్ మార్పించారు. వైఫై అంటే మీ ల్యాప్‌టాప్‌కీ రూటర్‌కీ మధ్య ఉన్న లింకు, అంతే. ఇంటర్నెట్ రూటర్‌కి అవతలి నుంచి వస్తుంది. ఈ రెండిట్లో ఏది తెగిందో ముందు తేల్చుకోండి, రూపాయి ఖర్చు పెట్టడం ఆ తర్వాతే.

ప్రశ్న: సార్, మా ల్యాప్‌టాప్‌కి వైఫై కనెక్ట్ అయినట్టే ఉంటుంది, కానీ 'నో ఇంటర్నెట్' అని చూపిస్తోంది. షాపుకి తీసుకెళ్తే విండోస్ మళ్లీ వేయాలన్నారు. వేయించమంటారా?
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు మీ ఫోన్‌లో మొబైల్ డేటా ఆఫ్ చేసి, అదే వైఫైకి కలిపి, ఇంతకుముందు చూడని వీడియో ఏదైనా తెరవండి. డేటా ఆఫ్ చేయడం మాత్రం మర్చిపోవద్దు. వైఫైలో నెట్ లేకపోతే చాలా ఫోన్లు చెప్పాపెట్టకుండా సిమ్ డేటాకి మారిపోతాయి, మనమేమో ఫోన్‌లో బాగానే వస్తోంది కదా, తప్పంతా ల్యాప్‌టాప్‌దే అనుకుంటాం.

ఫోన్‌లోనూ రాకపోతే ల్యాప్‌టాప్‌ని పక్కనపెట్టి బాక్సు దగ్గరికి వెళ్లండి. ఫైబర్ కనెక్షన్ అయితే దాని మీద 'పీఓఎన్', 'ఎల్ఓఎస్' అని రెండు లైట్లుంటాయి. పీఓఎన్ నిలకడగా వెలుగుతుండాలి. ఎల్ఓఎస్ ఎర్రగా వెలిగినా, ఎర్రగా కొట్టుకుంటున్నా బయటి నుంచి రావాల్సిన సిగ్నల్ బాక్సు దాకా రావట్లేదని అర్థం. రోడ్డు తవ్వినప్పుడు కేబుల్ తెగి ఉండొచ్చు, స్తంభం దగ్గర జాయింట్ ఊడి ఉండొచ్చు, లేదా సోఫా జరిపినప్పుడు గోడ వారగా వచ్చే సన్నటి వైరు గట్టిగా మడత పడి ఉండొచ్చు. ఆ వైరు లోపల ఉండేది రాగి కాదు, వెంట్రుకంత గాజు పోగు. కరెంటు వైరులా చుట్టి మేకుకి తగిలించడం, కనెక్టర్ పీకి బట్టతో తుడవడం లాంటివి చేయొద్దు. ఆపరేటర్‌కి ఫోన్ చేసినప్పుడు 'నెట్ రావట్లేదు' అనకుండా 'ఎల్ఓఎస్ ఎర్రగా ఉంది' అని చెప్పండి, విషయం ఏమిటో అవతలివాళ్లకి వెంటనే అర్థమవుతుంది. ఎల్ఓఎస్ వెలగకుండా, పీఓఎన్ సరిగ్గానే ఉండి కూడా నెట్ లేదంటే ముందు మీ ప్లాన్ గడువు చూసుకోండి.

ఇక ఫోన్‌లో వస్తూ ల్యాప్‌టాప్‌లో మాత్రమే రాకపోతే అసలు పని ఇక్కడ మొదలవుతుంది. వైఫై జాబితాలో మీ నెట్‌వర్క్ పేరు మీద రైట్ క్లిక్ చేసి 'ఫర్గెట్' నొక్కి, మళ్లీ పాస్‌వర్డ్ కొట్టి కలపండి. చాలాసార్లు దీంతోనే సరిపోతుంది. అప్పటికీ రాకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, అందులో మీ నెట్‌వర్క్ ప్రాపర్టీస్ తెరిచి కిందికి వెళ్తే 'ఐపీవీ4 అడ్రస్' అని ఒక నంబరు కనిపిస్తుంది. అది 169.254తో మొదలైతే ల్యాప్‌టాప్‌కి రూటర్ నుంచి అడ్రస్ రాలేదు, దొరక్క తనే ఒకటి పెట్టుకుంది. రూటర్ స్విచ్ తీసేసి అర నిమిషం ఆగి వేయండి. అదే పేజీలో 'ఐపీ అసైన్‌మెంట్' దగ్గర 'ఆటోమేటిక్' ఉందో లేదో కూడా చూడండి. కాలేజీ ల్యాబులోనో ఆఫీసులోనో ఎవరో అక్కడ నంబర్లు చేత్తో కొట్టి వదిలేస్తారు, ఇంటికొచ్చాక అవి పనిచేయవు.

నంబరు 192.168తో మొదలైతే ఇంట్లో లింకు బాగానే ఉన్నట్టు. అప్పుడు వీపీఎన్ యాప్ (నెట్‌ని వేరే సర్వర్ మీదుగా తిప్పేది) ఏదైనా ఉంటే ఆఫ్ చేయండి, అలాంటి పనే చేసే ప్రాక్సీ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే అదీ ఆఫ్ చేయండి. ఆ తర్వాత స్క్రీన్ మూలన గడియారం చూడండి. తేదీ ఏ రెండేళ్ల వెనకో ఉంటే సైట్ల సెక్యూరిటీ సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజర్ అడ్డుకుంటుంది, చూసేవాళ్లకి నెట్ లేనట్టే ఉంటుంది. పాత ల్యాప్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోతే ఇలా తేదీ వెనక్కిపోతుంది. ఏ సైట్ కొట్టినా 'డీఎన్ఎస్' (సైట్ పేరుని దాని నంబరు అడ్రస్‌గా మార్చే ఏర్పాటు) అనే మాటతో ఎర్రర్ వస్తుంటే అదే ప్రాపర్టీస్ పేజీలో డీఎన్ఎస్‌ని మాన్యువల్ చేసి 8.8.8.8 ఒకటి, 1.1.1.1 ఇంకొకటి ఇవ్వండి.

ఇవేవీ పనిచేయకపోతే అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో 'నెట్‌వర్క్ రీసెట్' ఉంది. అది నొక్కితే గుర్తుపెట్టుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ పోతాయి, వీపీఎన్ ఉంటే మళ్లీ సెట్ చేసుకోవాలి, మీ ఫైళ్లకీ ఫొటోలకీ ఏమీ కాదు. ఇది కూడా చేశాక రాకపోతే అప్పుడు షాపుకి వెళ్లండి, వెళ్లినా ముందు వైఫై డ్రైవర్ (వైఫై కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) వేసి చూడమని అడగండి.

ప్రశ్న: బాబూ, మా అబ్బాయి డాలస్ నుంచి ల్యాప్‌టాప్ పంపించాడు. ఫోన్‌కి వైఫై వస్తుంది కానీ దీనికి ఎలా కలపాలో తెలియడం లేదు. పాస్‌వర్డ్ కొడితే తప్పంటోంది. మనవరాలితో పెద్ద స్క్రీన్ మీద మాట్లాడాలని ఉంది.
– ఒక అమ్మమ్మ, భీమవరం

జవాబు: అమ్మా, కంగారు పడకండి, ఇది మీరు చేసుకోగలిగిన పనే. కీబోర్డు మీద నాలుగు గళ్ల కిటికీ బొమ్మ ఉన్న బటన్ పట్టుకుని 'ఏ' అక్షరం నొక్కండి. చిన్న పెట్టె తెరుచుకుంటుంది, అందులో వైఫై గుర్తు ఉంటుంది. దాని పక్కనున్న బాణం నొక్కితే చుట్టుపక్కల ఇళ్ల వైఫై పేర్లన్నీ వస్తాయి. మీది ఎంచుకుని 'కనెక్ట్ ఆటోమేటికల్లీ' దగ్గర టిక్ పెట్టి 'కనెక్ట్' నొక్కండి, మళ్లీ రోజూ కలపక్కర్లేదు.

పాస్‌వర్డ్ తప్పనడానికి ఎక్కువగా కారణం పెద్దక్షరాలు, చిన్నక్షరాలు కలిసిపోవడమే. కొట్టేచోట కుడివైపున కంటి గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కి పట్టుకుంటే మీరు కొట్టింది కనిపిస్తుంది. ఎవరైనా మార్చకపోతే పాస్‌వర్డ్ బాక్సు అడుగున ఉన్న స్టిక్కర్ మీదే ఉంటుంది, అక్కడ సున్నాకీ 'ఓ' అక్షరానికీ, ఒకటికీ చిన్న 'ఎల్'కీ తేడా భూతద్దం పెట్టి చూసుకోవాల్సిందే. మీ ఫోన్‌లో వైఫై వస్తోందంటున్నారు కాబట్టి ఇంకో దారి కూడా ఉంది. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో వైఫై సెట్టింగ్స్‌లో 'షేర్' నొక్కితే క్యూఆర్ బొమ్మ వస్తుంది, చాలా ఫోన్లలో దాని కిందే పాస్‌వర్డ్ అక్షరాల్లో రాసి ఉంటుంది. అది చూసి ల్యాప్‌టాప్‌లో కొట్టేయండి.

అసలు వైఫై గుర్తే కనిపించకపోతే ముందు విమానం బొమ్మ ఉన్న బటన్ పొరపాటున నొక్కారేమో చూడండి. అది కాకపోతే షట్‌డౌన్ చేసి, ఛార్జర్ పీకి, పవర్ బటన్‌ని అర నిమిషం నొక్కి పట్టుకుని వదిలి, ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి. ఇరుక్కుపోయిన వైఫై కార్డు తరచూ ఇలా మేలుకుంటుంది.

ప్రశ్న: ఫోన్‌లో మా వైఫై రెండు పేర్లతో కనిపిస్తుంది, ఒకదాని చివర '5జీ' అని ఉంది. ల్యాప్‌టాప్‌లో ఆ పేరు రాదు. ల్యాప్‌టాప్ పాడైనట్టా?
– ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: పాడవలేదు. రూటర్ రెండు బ్యాండ్లలో సిగ్నల్ ఇస్తోంది, 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి, 5 గిగాహెర్ట్జ్ ఒకటి. మొబైల్ 5జీకి దీనితో సంబంధం లేదు. డివైస్ మేనేజర్‌లో 'నెట్‌వర్క్ అడాప్టర్స్' తెరిచి వైఫై కార్డు పేరు చదవండి. అందులో 'డ్యూయల్ బ్యాండ్', 'ఏసీ', 'వైఫై 6' లాంటి మాట ఉంటే రెండూ అందుకోవాలి, అప్పుడు డ్రైవర్ అప్‌డేట్ చేసి చూడండి. అలాంటి మాటేమీ లేని పాత కార్డయితే చాలావరకు 2.4 ఒక్కటే అందుకుంటుంది. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఇలాంటి కార్డులు చాలాకాలం పెట్టారు. ల్యాప్‌టాప్ మార్చనక్కర్లేదు, యూఎస్‌బీకి గుచ్చే డ్యూయల్ బ్యాండ్ వైఫై డాంగిల్ కొనుక్కుంటే చాలు.

2.4లోనే ఉండిపోతానంటే ఒక్క జాగ్రత్త. యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కులు, హబ్‌లు పనిచేస్తున్నప్పుడు వాటి నుంచి వచ్చే రేడియో రొద సరిగ్గా ఈ బ్యాండ్ మీదే పడుతుంది, ఇంటెల్ 2012లోనే దీని మీద కొలతలతో నివేదిక ఇచ్చింది. ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టగానే నెట్ మందగిస్తోందంటే దాన్ని ఇంకోవైపు పోర్టులోకి మార్చి, పొడవు వైరుతో దూరంగా పెట్టండి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇదే బ్యాండ్‌లో పనిచేస్తుంది, కాబట్టి రూటర్ వంటింటి గోడకి ఉండకూడదు.

ప్రశ్న: డూప్లెక్స్ ఇల్లు, రూటర్ కింద హాల్లో, నా ఆఫీసు పని పైగదిలో. మీటింగ్ మధ్యలో గొంతు తెగిపోతుంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్ 200కి మార్చినా తేడా లేదు. రిపీటర్ కొనాలా?
– వర్క్ ఫ్రమ్ హోమ్ ఉద్యోగి, గుంటూరు

జవాబు: ప్లాన్ పెంచినందువల్ల తేడా రాదు, మీ ఇబ్బంది రూటర్‌కి అవతల లేదు, ఇవతల ఉంది. ల్యాప్‌టాప్‌ని కిందికి తెచ్చి రూటర్ పక్కన కూర్చుని స్పీడ్ టెస్ట్ చేయండి, తర్వాత పైగదిలో చేయండి. కింద నిండుగా వచ్చి పైన పడిపోతే అడ్డొస్తున్నది ఇనుప చువ్వలు వేసిన శ్లాబు. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలూ శ్లాబులూ అంత బాగా దాటలేదు, 2.4 కాస్త దాటుతుంది కానీ అందులో ఇరుగుపొరుగు రూటర్లన్నీ పోటీ.

రూటర్ ఎక్కడుందో కూడా చూడండి. కేబుల్ ఆదా అవుతుందని గుమ్మం పక్కనే బిగించి వెళ్లిపోతారు, మనమేమో అందంగా లేదని టీవీ వెనకో, ఇనుప బీరువా మీదో, షోకేస్ లోపలో దాచేస్తాం. ఇనుము, ముఖం చూసుకునే అద్దం, ట్యాంకులో నీళ్లు, ఈ మూడూ సిగ్నల్‌ని బాగా తినేస్తాయి. మెట్ల దగ్గర, నడుం కంటే ఎత్తులో, నాలుగువైపులా ఖాళీగా ఉండేలా పెట్టించండి. ఇంకొంచెం వైరు లాగడానికి ఆపరేటర్ అడిగేది ఇచ్చేయండి, అది దండగ కాదు.

రిపీటర్ మాత్రం నేను కొనమనను. మామూలు రిపీటర్ సిగ్నల్ తీసుకోవడానికీ పంపడానికీ ఒకే బ్యాండ్ వాడుతుంది కాబట్టి స్పీడు దాదాపు సగమవుతుంది, మీటింగులకి అది చాలదు. మెట్ల వెంట ఒక ల్యాన్ కేబుల్ పైకి లాగి, పైగదిలో రెండో రూటర్‌ని 'యాక్సెస్ పాయింట్' మోడ్‌లో (కేబుల్‌లో వచ్చే నెట్‌ని వైఫైగా ఇచ్చే పద్ధతిలో) పెట్టుకోండి, ఇంట్లో పాత రూటర్ పడి ఉంటే దానికి ఆ మోడ్ ఉందేమో చూడండి. కేబుల్ బిగించే మనిషి పక్కనే ఉండి ఎనిమిది తీగలూ కలుపుతున్నాడో లేదో చూసుకోండి. నాలుగే కలిపితే నెట్ వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు, కానీ ఆ లైను 100 ఎంబీపీఎస్ దాటదు, మీరు 200కి కట్టే డబ్బు అక్కడే పోతుంది. ఇంకో మాట, 200 ప్లాన్‌లో ఫైల్ డౌన్‌లోడ్ పెడితే సెకనుకి 25 ఎంబీ చూపిస్తే అది సరైన స్పీడే. ప్లాన్‌ని బిట్లలో చెప్తారు, డౌన్‌లోడ్‌ని బైట్లలో చూపిస్తారు, ఎనిమిది బిట్లు ఒక బైటు.

ప్రశ్న: సికింద్రాబాద్ స్టేషన్‌లో వైఫైకి ల్యాప్‌టాప్ కలిపాను, ఓటీపీ అడిగే పేజీ రాలేదు. ఎందుకు?
– ఉద్యోగార్థి, వరంగల్

జవాబు: రైల్వే స్టేషన్లలో ఉండే రైల్‌వైర్ లాంటి పబ్లిక్ వైఫైలో లాగిన్ పేజీలో నంబరు ఇచ్చి ఓటీపీ కొడితేనే నెట్ వదులుతారు. వీపీఎన్ ఉన్నా, డీఎన్ఎస్ చేత్తో మార్చి ఉన్నా ఆ పేజీ రాకపోవచ్చు, రెండూ మామూలుగా పెట్టి బ్రౌజర్‌లో నెవర్‌ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ (neverssl.com) తెరవండి, లాగిన్ పేజీ దానంతటదే వస్తుంది. అప్లికేషన్ నింపడానికి వాడండి కానీ బ్యాంకు పని మాత్రం మీ సిమ్ డేటాతోనే చేసుకోండి. ఎవరైనా అదే పేరుతో ఇంకో వైఫై పెట్టొచ్చు, పేరు చూసి అసలుదేదో చెప్పలేం.

ప్రశ్న: ఫోన్ హాట్‌స్పాట్ పెడితే ల్యాప్‌టాప్ ఒక గంటలో రోజు డేటా అంతా అవగొడుతోంది. నేను చూసేది ఒక్క క్లాసే.
– పోటీ పరీక్షల అభ్యర్థిని, శ్రీకాకుళం

జవాబు: అది మీ క్లాసు ఒక్కటే కాదమ్మా. వైఫై దొరికింది కదా అని విండోస్ అప్‌డేట్లు, ఫొటోల బ్యాకప్ వెనకాల నడుస్తుంటాయి. హాట్‌స్పాట్‌కి కలిపాక దాని ప్రాపర్టీస్‌లో 'మీటర్డ్ కనెక్షన్' (డేటాకి పరిమితి ఉందని విండోస్‌కి చెప్పే సెట్టింగ్) ఆన్ చేయండి, అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. ఫొటోలు, ఫైళ్లు బ్యాకప్ చేసే వన్‌డ్రైవ్‌ని విడిగా 'పాజ్' చేయండి. క్లాసు వీడియో క్వాలిటీ 480కి దించినా బోర్డు మీద రాసింది చాలావరకు కనబడుతుంది. వారానికోసారి ఫ్రెండ్ ఇంట్లోనో లైబ్రరీలోనో మంచి వైఫై దొరికినప్పుడు అప్‌డేట్లన్నీ అక్కడే చేయించుకోండి. వాటిని పూర్తిగా ఆపేయొద్దు, సెక్యూరిటీ అప్‌డేట్లు అందులోనే వస్తాయి.