విదేశంలో దొరికే ఈబుక్‌ను మన దేశంలో ఎందుకు కొనలేకపోతున్నాం?

అమెరికాలో అమ్ముడవుతున్న ఈబుక్ భారతదేశంలో దొరకకపోవడానికి సాధారణ కారణం, దానిని ఇక్కడ అమ్మే హక్కు ఆ ప్రచురణ సంస్థకు లేకపోవడమే.

రచయితలు తమ ప్రచురణ హక్కులను ప్రపంచమంతటికీ కలిపి ఒకే సంస్థకు ఇవ్వడం తప్పనిసరి కాదు. ఆంగ్ల పుస్తకాల విషయంలో అమెరికా హక్కులను ఒక సంస్థకూ, బ్రిటన్‌తో పాటు భారత్ వంటి కామన్వెల్త్ దేశాల హక్కులను మరొక సంస్థకూ విడిగా అమ్మడం ఏనాటి నుంచో ఉన్న ఆచారం. ఉదాహరణకు, 2009లో వెలువడిన హిలరీ మాంటెల్ నవల 'వుల్ఫ్ హాల్'ను బ్రిటన్‌లో ఫోర్త్ ఎస్టేట్, అమెరికాలో హెన్రీ హోల్ట్ ప్రచురించాయి. ఇలా రెండు వైపులా ప్రచురణకర్తలు ఉన్న పుస్తకానికి ఇబ్బంది తక్కువ. అమెరికా హక్కులు మాత్రమే అమ్ముడై, మిగిలిన దేశాలకు ఎవరూ ముందుకు రాని పుస్తకాన్ని మాత్రం, డబ్బు చేతిలో పట్టుకుని నిలబడినా, ఇక్కడ చట్టబద్ధంగా అమ్మగలవారు ఉండరు.

దీనిని చాలామంది ప్రభుత్వ నిషేధమనో, ఆన్‌లైన్ దుకాణం వివక్ష అనో పొరబడతారు. అచ్చుప్రతిని విదేశం నుంచి తెప్పించుకోగలుగుతున్నప్పుడు, రవాణా ఖర్చే లేని ఈబుక్‌కు అడ్డేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే అచ్చుప్రతి విషయంలో విక్రేత తన దేశంలోనే అమ్మకం పూర్తిచేసి పార్సిల్ పంపుతాడు. ఈబుక్ అమ్మకాన్ని మాత్రం కొనుగోలుదారు ఉన్న దేశంలో జరిగినట్టుగా లెక్కిస్తారు. అందుకే దుకాణాలు ఖాతాలోని చిరునామానూ, కార్డు జారీ అయిన దేశాన్నీ పరిశీలిస్తాయి.