'డిడ్' తర్వాత 'వెంట్' ఎందుకు రాకూడదు?

'డిడ్' తర్వాత 'గో' అనే రావాలి, ఎందుకంటే భూతకాలం సంగతి 'డిడ్' అప్పటికే చెప్పేసింది. ఇలాంటి ఇంగ్లిష్ వాక్యంలో కాలం గుర్తు మొదటి క్రియ మీదే పడుతుంది, రెండోది మూలరూపంలో ఉండిపోతుంది. 'షి వెంట్ టు స్కూల్'ని ప్రశ్నగా మారిస్తే 'వెంట్'లోని భూతకాలం 'డిడ్'కి వెళ్లి, 'గో' మిగులుతుంది: 'డిడ్ షి గో టు స్కూల్?' 'డిడ్ నాట్'కీ ఇదే లెక్క. 'డజ్ షి గోజ్' తప్పయ్యేదీ ఇందుకే.

నిన్నటి విషయం కాబట్టి ప్రతి క్రియనూ వీ2లో, అంటే 'వెంట్' లాంటి భూతకాల రూపంలో పెట్టాలని చాలామంది పిల్లలు అనుకుంటారు. వీ1, వీ2, వీ3 (గో, వెంట్, గాన్) పట్టిక ఒక్కటే బట్టీ పడితే ఈ పొరపాటు పోదు, వాక్యాలను ప్రశ్నలుగా మార్చి పలకాలి. 'హూ వెంట్?'లో మాత్రం 'డిడ్' లేదు, అందుకే అక్కడ 'వెంట్' సరైనదే.